నరాలక్క, టీవీ సిస్టరు

నరాలక్కకు కుళ్ళు. ఆ సంగతి ముందే చెప్పేస్తే మనకూ సుఖం, ఆవిడకూ సుఖం. మంచి మనిషే. చేతిలో పనితనమున్న మనిషి. రోగి కంటతడి పెడితే తన కళ్ళు కూడా తుడుచుకునే మనిషి. అయినా కుళ్ళు, అదీ ఒకే ఒక్కరి మీద. పాతికేళ్ళ ఉద్యోగంలో ఎవరి మీదా లేనిది యాభయ్యోపడిలో పడ్డాక పట్టుకుంది. పెద్దయ్యాక వచ్చే గవదబిళ్ళల్లాగా, ఆలస్యంగా వచ్చిన కుళ్ళు కాస్త గట్టిగానే వస్తుంది.

ఆవిడ క్యాన్సర్ ఆసుపత్రిలో కీమో వార్డు సిస్టరు. పద్నాలుగు వాలు కుర్చీలు, నాలుగు మంచాలు, కుర్చీకొక సెలైన్ స్టాండు, కిటికీ పక్క కుర్చీ కోసం రోజూ ఒక చిన్న తగాదా. మందు ఎక్కించాలంటే ముందు నరం దొరకాలి. నాలుగైదుసార్లు కీమో పడ్డ చేతుల్లో నరాలు అప్పులవాణ్ణి చూసినట్టు లోపలికి పోయి దాక్కుంటాయి. మిగతా సిస్టర్లు చేతిమీద చరిచేవాళ్ళు, వేణ్ణీళ్ళ గుడ్డ చుట్టేవాళ్ళు, పిడికిలి బిగించండి, వదలండి, బిగించండి అని రోగిచేత వ్యాయామం చేయించేవాళ్ళు. నరాలక్క అవేమీ చెయ్యదు. చేతిని తన ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు సగం మూసి, రెండు వేళ్ళతో తడుముతుంది.

"ఇదిగో, ఇక్కడ పడుకుంది దొంగమొహంది," అని ఒక్క పోటు. అంతే, రక్తం కనబడేది.

ఆ వార్డులో ఒక కట్టుబాటుంది. ఒక సిస్టరు రెండుసార్లే పొడవాలి. దొరక్కపోతే సూది ఇంకొకరికి ఇచ్చెయ్యాలి. ఆ ఇంకొకరు ఎప్పుడూ నరాలక్కే. ఆవిడ రెండో పోటు పొడవడం చూశామన్నవాళ్ళు లేరు. పై అంతస్తులోంచి డాక్టర్లు కబురు పెట్టేవాళ్ళు. ఆవిడ సెలవులో ఉందంటే కీమో తేదీ మార్చమని బతిమాలే రోగులుండేవాళ్ళు. నిజం చెప్పొద్దూ, అప్పుడప్పుడు ఆవిడ ఊరికే సెలవు పెట్టి, తనకోసం ఎంతమంది అడిగారో మర్నాడు కనుక్కునేది.

అలాంటి రాజ్యంలోకి కొత్త సిస్టరు వచ్చింది. ముప్ఫై కూడా లేవు. సన్నగా, నెమ్మదిగా, మాట తూచినట్టు మాట్లాడే పిల్ల. ఎక్కడో ఏడాదిపాటు ప్రత్యేకంగా ఈ నరాల పనే నేర్చుకుని, వెంట చక్రాల బల్లమీద ఒక స్కాన్ మిషను తోసుకుంటూ వచ్చింది. జబ్బమీద జెల్లు రాసి, చిన్న గరిటెలాంటి దాన్ని ఆనిస్తే తెరమీద లోపలి నరం నల్లగా, గుండ్రంగా కనబడేది. ఆ తెరను చూస్తూ సూది దింపేది. చేతివైపు చూసేది కాదు.

"టీవీ సిస్టరు," అని నరాలక్క మొదటిరోజే పేరు పెట్టేసింది. "టీవీ చూస్తూ కూరలు తరిగేవాళ్ళను చూశాను గానీ, టీవీ చూస్తూ సూదులు పొడిచేవాళ్ళను ఇప్పుడే చూడ్డం."

వార్డంతా నవ్వింది. కొత్త సిస్టరు కూడా నవ్వింది. అదే నరాలక్కకు నచ్చలేదు.

వారం తిరక్కుండా ఆ పిల్ల ఒక గులాబీరంగు కాగితం తెచ్చింది. కీమో మొదలయ్యే ప్రతి మనిషికీ ముందే కూర్చుని ఆ కాగితం నింపాలట. ఎన్నిసార్లు ఎక్కించాలి, ఏ మందు, ఏ చెయ్యి వాడొచ్చు, ఇంట్లో చూసుకునేవాళ్ళున్నారా, ఆ మనిషి చేసే పనేమిటి. ఇవన్నీ చూసి దారి నిర్ణయించాలి. కొద్దిసార్లే అయితే, మందు మెతకదైతే, చేతికి మామూలు సూది చాలు. కొన్ని నెలలైతే జబ్బలోంచి గుండె దగ్గరిదాకా పోయే సన్నటి పొడుగు గొట్టం, వారం వారం దాన్ని కడిగి కట్టు మార్చాలి. ఇంకా ఎక్కువకాలమైతే పోర్టు, అంటే మెడ కింది అడ్డెముకకు దిగువన చర్మం లోపల కుట్టేసే చిన్న డబ్బీ. పైకి ఏమీ వేలాడదు, మందు రోజున దాని మీద గుచ్చితే చాలు.

"నరం దొరకనివాళ్ళకు కదా ఈ తతంగమంతా," అంది నరాలక్క. "దొరకబుచ్చుకునేవాళ్ళు ఇక్కడున్నారుగా."

"దొరకడం ఒక్కటే కాదక్కా. దొరికిన నరం ఆ మందును తట్టుకోవాలి కదా," అంది కొత్త సిస్టరు.

మాటలో తప్పు లేదు. అందుకే మరీ మండింది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఆ వార్డులో రెండు సూదులు ఇమడలేదు. డాక్టర్లు ఇప్పుడు ఆ పిల్లను పిలుస్తున్నారు. కొత్తొక వింత, పాతొక రోత. మొన్నటిదాకా "అక్కా, నువ్వు లేకపోతే ఎలా" అన్న రోగే జబ్బకు గొట్టం పెట్టించుకుని, పుస్తకం చదువుకుంటూ మందు ఎక్కించుకుంటుంటే, నరాలక్కకు చేతులు ఏం చేసుకోవాలో తోచేది కాదు. ఇంటికొచ్చి గిన్నెలు చప్పుడయ్యేలా సర్దేది.

ఆవిడ భర్త లిఫ్టులు బాగుచేసే మనిషి. పైకీ కిందికీ పోయేవాటి గురించి ఆయనకు ఓపికెక్కువ.

"నీ కడుపులో మండేదాని మీద ఎసరు పెడితే మనకు నెలకో గ్యాసు బండ మిగులుతుంది," అన్నాడు.

"మీకేం, నవ్వుతారు. మీ లిఫ్టు బాగుచెయ్యడానికి రేపు మిషనొస్తే తెలుస్తుంది."

"వస్తే దానికి సంచి అందిస్తా. నడుం నొప్పి తగ్గుతుంది."

ఇలాంటి మనిషితో పోట్లాట కూడా సరిగ్గా కుదరదు. ఆవిడ వెళ్ళి పడుకుంది.

టైలరమ్మ వచ్చింది ఆ రోజుల్లోనే. నలభై అయిదేళ్ళుంటాయి. సందు చివర చిన్న గదిలో ఒక కుట్టుమిషను, ఒక నిలువుటద్దం, ఆవిడా. ఎడమవైపు రొమ్ముకు ఆపరేషనైంది, చంకలో గడ్డలు కూడా తీశారు. కాబట్టి ఎడమచేతికి సూది పొడవకూడదు, పొడిస్తే చెయ్యి వాచిపోవచ్చు. మిగిలింది కుడిచెయ్యి. కత్తెర పట్టేది అదే, చమ్కీ అతికేది అదే, ఆవిడకు అన్నం పెట్టేది అదే. ఆ చేతిలోంచే పదహారుసార్లు మందు పోవాలి, అందులో మొదటి నాలుగు ఎర్రమందు. ఎర్రమందంటే వార్డులో అందరికీ భయం. నరంలో ఉన్నంతసేపూ మందు. నరం దాటి ఒక్క చెంచాడు కండలోకి కారిందా, లోపలి నుంచి కాల్చేస్తుంది.

కొత్త సిస్టరు గులాబీ కాగితం ముందు పెట్టుకుని నెమ్మదిగా చెప్పింది. "పిన్నీ, మీకు పోర్టే మంచిది. జబ్బకు గొట్టం పెడితే మిషను తొక్కుతూ గుడ్డ తిప్పినప్పుడల్లా ఒరుసుకుంటుంది. పోర్టయితే చెయ్యి చెయ్యిగానే ఉంటుంది."

"ఇంకో కోతా తల్లీ?" అంది టైలరమ్మ. అప్పటికే ఆవిడ ఒంటిమీద ఒక కోత ఇంకా పచ్చిగా ఉంది.

"చిన్నదే పిన్నీ, ఇంత."

"మీరు చిన్నదే అంటారమ్మా. కుట్లు వేసేదాన్ని, చిన్న కోత ఎంతుంటుందో నాకు తెలుసు."

అప్పుడు నరాలక్క ముందుకు వచ్చింది. ఆ కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుంది, కళ్ళు సగం మూసింది, రెండు వేళ్ళతో తడిమింది. వార్డు చూస్తోంది. ఆ పిల్ల చూస్తోంది.

"కోతలెందుకు? బంగారంలాంటి నరాలు. నేనున్నాగా, పదహారూ నేనే ఎక్కిస్తా. ఒక్కసారి కూడా రెండో పోటు ఉండదు."

టైలరమ్మ ఆ మాటను పట్టుకుంది. మునిగేవాళ్ళు ఏది దొరికితే అది పట్టుకుంటారు, వాళ్ళననడానికి లేదు. రోగి వద్దన్నాక డాక్టరు కూడా బలవంతం చెయ్యలేకపోయాడు. కాగితం మీద కొత్త సిస్టరు రాసిన "పోర్టు" కొట్టేసి, పక్కన "చేతి సూది" అని రాసి నరాలక్క సంతకం పెట్టింది. ఆ సంతకం పెట్టేటప్పుడు ఆవిడకు టైలరమ్మ చెయ్యి గుర్తులేదు. గెలిచానన్న సంగతే గుర్తుంది.

మొదటి ఎర్రమందు మంచినీళ్ళలా ఎక్కింది. రెండోదీ ఎక్కింది. ఈ మధ్యలో వాళ్ళిద్దరికీ జత కుదిరింది. టైలరమ్మ వచ్చీ రాగానే "మా అక్క ఏదీ?" అని అడిగేది. కొత్త సిస్టరు దగ్గరకొస్తే చెయ్యి దుప్పట్లోకి లాక్కునేది. నరాలక్క తన అక్కసంతా ఆవిడ చెవిలోనే వెళ్ళగక్కేది: ఆ పిల్ల నడక, ఆ పిల్ల మిషను, డాక్టర్లు ఆ పిల్ల చుట్టూ ఈగల్లా మూగడం. టైలరమ్మ అన్నిటికీ ఊఁకొట్టేది. "నీ ముందు ఆ పిల్లెంత అక్కా," అనేది. వినడానికి కమ్మగా ఉండేది.

రెండో మందుకూ మూడోదానికీ మధ్య ముంజేతి మీద నరం వెంట ఒక నల్లటి చార తేలింది. మూడోది ఎక్కించే రోజు నరాలక్క వేళ్ళకు అది తాడులా గట్టిగా తగిలింది. దాని అర్థమేమిటో పాతికేళ్ళ అనుభవానికి తెలియదా? ఆ నరం పనైపోయిందని అర్థం. ఇప్పుడైనా పోర్టు పెట్టిద్దామనాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పక్క మంచం దగ్గర కొత్త సిస్టరు గొట్టం కడుగుతోంది.

"అక్కా, ఒకసారి స్కాన్ పెట్టి చూడనా?" అంది, మర్యాదగానే.

"అక్కర్లేదు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ముంజెయ్యి వదిలేసి, అరచేతి వెనక బొటనవేలి పక్కన ఒక సన్న నరం పట్టుకుంది. అక్కడ కండ పలచన, ఎముకా నరమూ తప్ప ఏమీ ఉండదు. ఎర్రమందుకు అది పనికిరాని చోటని కొత్తగా చేరేవాళ్ళకు తనే పాఠం చెప్పేది. కానీ ఒక్క పోటుకే రక్తం వచ్చింది. ఓరగా పక్క మంచంవైపు చూసింది. చూశావా అన్నట్టు.

ఎర్రమందు సిరంజి నెమ్మదిగా నొక్కుతూ, మధ్యమధ్య ఆపి రక్తం వెనక్కి వస్తోందో లేదో చూసుకుంటూ, పద్ధతి ప్రకారం అడిగింది.

"మంటగా ఉందా?"

"లేదక్కా."

ఇంకొంచెం నొక్కింది. "ఏమైనా తేడాగా ఉందా?"

"ఏం లేదు. నువ్వు కానియ్యి."

టైలరమ్మ మొహం మామూలుగానే ఉంది. కానీ ఎడమచెయ్యి దుప్పటి అంచును పట్టుకుని మెలితిప్పుతోంది. నరాలక్క ఆ మెలికను చూసింది, తర్వాత కుడిచెయ్యి చూసింది. బొటనవేలి మొదట్లో చర్మం చిన్న ఉబ్బుగా లేచి, మెరుస్తోంది.

సిరంజి ఆపేసింది. సూది తియ్యకుండా, లోపలున్నది వెనక్కి లాగగలిగినంత లాగింది. ఆపైన సూది తీసి, ఉబ్బు చుట్టూ పెన్నుతో గీత గీసి, ఐసు తెప్పించింది. చెయ్యవలసినవన్నీ ఒక్కటి తప్పకుండా చేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అని మనం తేలిగ్గా అనేస్తుంటాం. అక్కడ కాలింది ఆవిడ చెయ్యి కాదు.

"మంటగా ఉందా అని అడిగితే లేదన్నావేం?" అంది నరాలక్క. "ఎప్పట్నుంచి మండుతోంది?"

"మొదట్నుంచీ," అంది టైలరమ్మ. అని, పక్క మంచంవైపు కళ్ళతో చూపించి గొంతు తగ్గించింది. "ఆ పిల్ల నిలబడి చూస్తోంది కదక్కా. నేను అబ్బా అంటే నీకు తలవంపులు కదా. కాస్త ఓర్చుకుంటే అయిపోతుందనుకున్నా."

నరాలక్కకు అప్పుడర్థమైంది. తన పోట్లాటలోకి ఒక రోగిని సిపాయిలా లాగింది. ఆ సిపాయి నోరు మూసుకుని కాల్పించుకుంది.

కారిన ఎర్రమందుకు విరుగుడుంది. ఆరు గంటల్లోపు మొదలుపెట్టి, మూడురోజులు ఎక్కించాలి. దానికీ ఒక నరం కావాలి. కుడిచెయ్యి ఇక పనికిరాదు. ఎడమది ఆపరేషన్ వైపుది. డాక్టరు పరుగున వచ్చి, ఒక క్షణం ఆలోచించి, ఇప్పుడు ఎడమ తప్పదన్నాడు. అదైనా పైపై నరాల్లో కాదు, జబ్బ లోపలి పెద్ద నరంలోకి, ఒక్క పోటుకే దిగాలన్నాడు. అందరూ కొత్త సిస్టరువైపు తిరిగారు. నరాలక్క కూడా తిరిగింది.

"నువ్వు పెట్టు," అంది.

ఆ రెండు మాటలకు పాతికేళ్ళు పట్టింది.

ఆ పిల్ల చేతులు కడుక్కుంది. మిషను తోసుకొచ్చింది, జెల్లు రాసింది. నరాలక్క టైలరమ్మ కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, మొదటిసారి ఆ తెరవైపు సరిగ్గా చూసింది. నల్లటి గుండ్రం, దానికి ఆనుకుని కొట్టుకుంటున్న ఇంకో గుండ్రం. తెల్లటి చుక్కలా సూదిమొన కిందికి దిగింది, నల్లదాని నడిమధ్యలోకి పోయింది. ఒక్క పోటు. తన ఒళ్ళో ఒక మనిషి చెయ్యి కాలుతోంది, పీకల్దాకా సిగ్గు. అంతటిలోనూ ఒక చిన్న గొంతు లోపల అంటూనే ఉంది: నాకంటే బాగా వేసింది. కుళ్ళుకు వేళాపాళా లేదు.

చెయ్యి పోలేదు. అదొక్కటే మంచిమాట. చర్మం పుండు పడలేదు గానీ బొటనవేలి చుట్టూ గట్టిపడి, ముదురు మచ్చ మిగిలింది. వేలు పూర్తిగా ముడవడానికి నెలలు పట్టింది. అన్నాళ్ళూ కత్తెర పట్టలేక, టైలరమ్మ మిషను మీద గుడ్డ కప్పి ఉంచింది. మిగతా కీమో మూడువారాలు వెనక్కి పోయింది. ఏ కోతకు భయపడిందో ఆ కోత పెట్టించుకుని పోర్టు వేయించుకుంది.

ఆ వారంలో ఒకరోజు నరాలక్క భర్త ఎదుట కూర్చుని ఉన్నట్టుండి అడిగింది. పెళ్ళైన కొత్తలో, ఇంకా పని నేర్చుకుంటున్నప్పుడు, ఆవిడ సూది పొడవడం సాధన చేసింది ఆయన చేతులమీదే.

"నిజం చెప్పండి. అప్పుడు నొప్పి పుట్టేదా?"

"చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదని చెప్పాగా."

"చెప్పారు. నిజం అడుగుతున్నా."

ఆయన తన ముంజేతిని చూసుకున్నాడు. "ప్రాణం పోయేది," అన్నాడు. "ఒకసారి మూడురోజులు పానా పట్టుకోలేకపోయా. నువ్వంత మురిసిపోతుంటే చెప్పబుద్ధి కాలేదు."

ఆవిడకు ఆ పూట అన్నం సయించలేదు. పాతికేళ్ళలో ఎంతమంది చేతులు ఒళ్ళో పెట్టుకుంది? "నీ చెయ్యి పడితే తెలియనే తెలియదక్కా" అన్నవాళ్ళలో ఎంతమందికి నిజంగా తెలియలేదు? అడుగుదామంటే సగంమంది లేరు.

పోర్టులోంచి మొదటిసారి మందు ఎక్కించే రోజు టైలరమ్మ వచ్చింది. నరాలక్కను చూసి నవ్వింది, ఎడమచేత్తో ఆవిడ చెయ్యి నొక్కింది, బాగున్నావా అక్కా అంది. ఏమీ మారనట్టే ఉంది. తర్వాత వెళ్ళి కొత్త సిస్టరు ముందు కూర్చుంది. ఆ పిల్ల పోర్టుమీద సూది గుచ్చిందో లేదో, వార్డు దద్దరిల్లింది.

"అబ్బా! చంపేస్తావా ఏంటే పిల్లా? అది చర్మమనుకున్నావా, చాపనుకున్నావా?"

"అయిపోయింది పిన్నీ, అయిపోయింది."

"ఏం అయిపోవడం, ఇంకా సలుపుతోంది! ఆ పట్టీ అంత బిగించకు. వదులు చెయ్యి... ఇంకా... ఆఁ, అలాగ."

కొత్త సిస్టరు నవ్వుతూ పట్టీ వదులు చేసింది. టైలరమ్మ తిడుతూనే వెనక్కి వాలింది.

నరాలక్క మందుల బల్ల దగ్గర నిలబడి చూసింది. ఇంతకుముందు ఆ పిల్ల మిషను చూసి కుళ్ళుకుంది, చదువు చూసి కుళ్ళుకుంది, డాక్టర్లు పిలిచే పిలుపు చూసి కుళ్ళుకుంది. అవన్నీ ఒకెత్తు, ఇదొకెత్తు. ఆ తిట్టు చూసి అన్నిటికంటే ఎక్కువ కుళ్ళుకుంది. తనను ఇంతవరకూ ఒక్క రోగీ అలా తిట్టలేదు. అందరూ పొగిడారు. పొగిడి పొగిడి, ఎవరి నొప్పి వాళ్ళు మింగి వెళ్ళిపోయారు.

ఆరో కుర్చీలో డ్రైవరు తాత ఎదురుచూస్తున్నాడు. ఆయనది మెతక మందే, చేతి సూది సరిపోతుందని గులాబీ కాగితం కూడా ఒప్పుకుంది. నరాలక్క ఆయన చేతిని ఒళ్ళో పెట్టుకుంది, తడిమింది, ఒక్క పోటుకు నరం పట్టుకుంది. మందు వదిలింది.

"మంటగా ఉందా తాతా?"

"అబ్బెబ్బే, నీ చెయ్యి బంగారం తల్లీ."

ఇదివరకైతే ఆ మాట ఒళ్ళో వేసుకుని లేచిపోయేది. ఇప్పుడు స్టూలు దగ్గరకు లాక్కుంది.

"నా చెయ్యి సంగతి అడగలేదు తాతా. నీ చేతి సంగతి చెప్పు. నేనేమీ అనుకోను."

తాత ఇబ్బందిగా నవ్వాడు. కిటికీవైపు చూశాడు.

"కొద్దిగా... లోపల చురచురమంటోందమ్మా. పైదాకా పాకుతోంది."

నరాలక్క మందు కట్టేసింది. సూది పక్కన వేలుపెట్టి చూసింది. ఉబ్బు లేదు, నరం మాత్రం అలిగి ఉంది. ఇంకోచోట పొడవచ్చు. ఆవిడకు ఇంకా ఒక పోటు హక్కుగా ఉంది, వేళ్ళ కింద ఇంకో నరం అప్పుడే తగులుతోంది కూడా. ఆ నరం మంచిదో కాదో ఆ వేళ్ళు చెప్పలేవు.

అవతల ఆ పిల్ల టైలరమ్మ మాటలకు ఇంకా నవ్వుతోంది. ఆ నవ్వు నరాలక్కకు ఇప్పటికీ పడదు. కుళ్ళు ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుంది. అయినా ఆవిడ తాత చెయ్యి వదలకుండానే తల తిప్పి, పద్నాలుగు కుర్చీలకూ వినబడేలా పిలిచింది.

"ఏమ్మా, ఆ మిషను పట్టుకుని ఒకసారి ఇటు రా. నాకు కనబడ్డం లేదు."